పట్టా ఎవరిది, సేద్యం ఎవరిది?

తెలుగు నేల మీద రైతు ఉద్యమాలు ప్రభుత్వాల చేత చట్టాలు చేయించాయి, ఎన్నికల ఫలితాలను తారుమారు చేశాయి. అయితే ఆ గెలుపుల ఫలం చాలాసార్లు పట్టా ఉన్న రైతు గడప దాటి రాలేదు. కౌలుకు తీసుకుని సేద్యం చేసేవాడు చాలావరకు చివరి వరసలోనే ఉన్నాడు.

1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతితో ఉత్తర కోస్తా రైతు జమీందారుల చేతికి చిక్కాడు. 1908లో వచ్చిన మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం సాగు హక్కుకు కొంత రక్షణ ఇచ్చినా శిస్తుల భారం తగ్గలేదు. ఆ కష్టంలోంచే 1928లో ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘం పుట్టింది. దాన్ని నడిపినవారిలో ముఖ్యుడు నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు ప్రధాన కార్యదర్శి కూడా ఆయనే.

1937లో మద్రాసులో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చింది. తమవాళ్లే గద్దెనెక్కారని రైతులు ఊరుకోలేదు. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర సాగింది. రెండు వేల మందికి పైగా 130 రోజులు నడిచి, దారి పొడవునా సభలు పెట్టి, 1938 మార్చిలో పదకొండు వందలకు పైగా అర్జీలను శాసనసభకు అందించారు. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన వేసిన కమిటీ భూమికి హక్కుదారు రైతేనని తేల్చి చెప్పింది. అది చట్టం కాకముందే, 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. మరుసటి ఏడు మందస జమీందారీలో రైతుల మీద తుపాకులు పేలాయి. రైతు మహిళ గున్నమ్మ ఆ కాల్పుల్లోనే నేలకొరిగింది. జమీందారీల రద్దు చట్టం 1948లో గాని రాలేదు.

నిజాం రాజ్యంలో పోరాటం ఇంకా లోతుకు వెళ్లింది. అక్కడ వెట్టి చేసేవాళ్లూ, కౌలుదార్లూ ముందు నిలిచారు. విసునూరు దేశ్‌ముఖ్ మీద పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం నిలబడింది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చాడు. 1951 అక్టోబరులో విరమించేనాటికి ఈ తెలంగాణ సాయుధ పోరాటం వేల గ్రామాల్లో భూములు పంచింది. రక్షిత కౌలుదార్లను గుర్తించిన 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం వెనక ఉన్నది ఆ ఒత్తిడే. ఉద్యమం అట్టడుగు నుంచి లేస్తే చట్టం కూడా అక్కడిదాకా దిగుతుందని ఈ ఘట్టం రుజువు చేసింది.

తర్వాత రైతు నాయకత్వం నేరుగా రాజకీయంలోకి నడిచింది. రంగా 1951లో కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1959లో స్వతంత్ర పార్టీకి అధ్యక్షులయ్యారు. మాజీ సంస్థానాధీశులు కూడా చేరిన ఆ పార్టీ సహకార సేద్యాన్నీ, భూపరిమితినీ వ్యతిరేకించింది. జమీందారు మీద తిరగబడిన రైతే ఇప్పుడు ఆస్తిపరుడై, ఉన్నది కాపాడుకునే పనిలో పడ్డాడు. 1973 నాటి భూసంస్కరణల చట్టం కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు అని హద్దు గీసింది. కానీ బినామీ పేర్లలో చాలా భూమి ఆ హద్దు దాటిపోయింది.

2000 ఆగస్టులో కరెంటు చార్జీలపై ఆందోళన హైదరాబాదులో బషీర్‌బాగ్ కాల్పులకు దారితీసింది. 2004లో అధికారం చేతులు మారింది, ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం పడింది. ఓటు ద్వారా రైతు గెలిచిన పెద్ద విజయమది. ఆ వెలుగులోనూ కౌలు రైతుకు బ్యాంకు అప్పు పుట్టలేదు. 2011లో వాళ్లకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం వచ్చినా, హక్కు పోతుందన్న యజమానుల భయం దాన్ని ముందుకు సాగనివ్వలేదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ఎకరానికి పంటకు 4,000 రూపాయలు ఇచ్చింది. అదీ పట్టాదారుకే, కౌలుదారుకు కాదు.

అధికారం ఉద్యమానికి తలవంచుతుంది. ఎవరి ఎదుట వంచుతుందన్నది ఆ ఉద్యమాన్ని ఎవరు నడుపుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే రైతు సంఘాలు తమ కోర్కెల పత్రంలో మొదటి వాక్యంగా కౌలుదారు గుర్తింపును రాయాలి. సాగు చేసేవాడి పేరు రికార్డుకు ఎక్కేదాకా ఈ నూరేళ్ల పోరాటం పూర్తి కానట్టే.