గుండె లయ చికిత్స: చోటు వెతికిన చరిత్ర

కాథెటర్ అబ్లేషన్‌ను మీరు కేవలం కాల్చే చికిత్సగా చూడకండి. దాని చరిత్రలో అసలు కష్టం కాల్చవలసిన చోటును కనుక్కోవడమే. 1968లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో విల్ సీలీ ఒక జాలరి ఛాతీ తెరిచి, ప్రమాదకరమైన దడకు కారణమైన అదనపు విద్యుత్ మార్గాన్ని కోశారు. అంతకుముందు గుండెపై ఎలక్ట్రోడ్ ఆనిస్తూ దాని జాడ తీశారు. దీనినే మ్యాపింగ్ అంటారు.

1980ల ఆరంభంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మెల్విన్ షైన్‌మన్ ఛాతీ తెరవలేదు. రక్తనాళం గుండా పంపిన సన్నని గొట్టంతో షాక్ ఇచ్చి, గుండె పైగదుల సంకేతాలు కిందికి దిగే కూడలిని దెబ్బతీశారు. దడ అదుపులోకి వచ్చింది. సహజ మార్గమే పోయింది కనుక పేస్‌మేకర్ తప్పలేదు. ఇది చికిత్సా, బేరమా అని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. మందులకు లొంగని రోగికి ఆ బేరమూ మేలేనని నా అభిప్రాయం.

తరువాత వచ్చిన రేడియో తరంగాల శక్తి కొద్ది మిల్లీమీటర్ల మేరే కాలుస్తుంది. గురి కుదిరితే అదనపు మార్గం పోయి సహజ మార్గం మిగులుతుంది. 1991లో వారెన్ జాక్‌మన్ బృందం 166 మందిలో 164 మందికి అలా నయం చేసినట్లు ప్రకటించింది.