తెరమీది మనిషి, తన మాట: డాక్యుమెంటరీ ఇంటర్వ్యూ చిత్రీకరణ చరిత్ర

డాక్యుమెంటరీ చిత్రంలో ఒక మనిషి కెమెరా ముందు తన కథ తానే చెప్పుకోవటం ఇవాళ మనకు మామూలు విషయం. మొదట్లో అది మామూలు కాదు. సినిమాకు మాట వచ్చిన తర్వాత కూడా డాక్యుమెంటరీల్లో ఎక్కువగా వినిపించింది వ్యాఖ్యాత గొంతే. తెరమీది మనుషులు పనిచేసేవారు, నడిచేవారు. వారి తరఫున మాట్లాడే హక్కు మాత్రం వ్యాఖ్యాతదే. ఆ హక్కు ఎలా చేతులు మారిందో తెలుసుకోవటం మనకు అవసరం.

1935లో బ్రిటన్‌లో ఆర్థర్ ఎల్టన్, ఎడ్గార్ ఆన్‌స్టీ తీసిన 'హౌసింగ్ ప్రాబ్లమ్స్' ఈ మార్పుకు తొలి గుర్తుల్లో ఒకటి. లండన్‌లోని స్టెప్నీ మురికివాడల జనం తమ ఇళ్లలోనే ఉండి, ఎలుకల గురించి, పురుగుల గురించి నేరుగా కెమెరాకే చెబుతారు. అప్పటి పరికరాలు చాలా బరువైనవి. అందుచేత మాట్లాడేవారు కదలకుండా ఉండవలసి వచ్చింది. ప్రశ్న అడిగినవారు కనిపించరు, వినిపించరు. డబ్బు పెట్టినది గ్యాస్ పరిశ్రమ. కొత్త ఇళ్లు వస్తే గ్యాస్ వాడకం పెరుగుతుందని దాని ఆశ. అయినా పేదల మాట వారి యాసలోనే తెరకెక్కింది.

మన దేశంలో 1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజన్ ఒకే చిత్రానికి వేర్వేరు భాషల్లో వ్యాఖ్యానం చేర్చి దేశమంతటా చూపేది. ప్రేక్షకుడికి తన భాష దక్కింది. తెరమీది మనిషికి సాధారణంగా దక్కలేదు. అదే సంస్థకు ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 1967లో తీసిన 'ఐ యామ్ ట్వంటీ' వేరే దారి పట్టింది. 1947లో పుట్టిన యువతీయువకులు దేశం గురించి తమ ఆశనూ, అసంతృప్తినీ తామే చెప్పారు.

ఈలోగా పరికరాలు తేలికయ్యాయి. 1960 వేసవిలో పారిస్‌లో జాన్ రూష్, ఎడ్గార్ మోరాఁ చిత్రీకరించి, 1961లో విడుదల చేసిన 'క్రానిక్ దున్ ఎతే'లో మార్సెలీన్ లోరిదాఁ నాగ్రా టేప్ రికార్డరు మోస్తూ వీధిలో నడుస్తుంది. నాజీ శిబిరానికి తనతోపాటు పంపబడి తిరిగిరాని తండ్రిని తలచుకుంటుంది. పక్కన ప్రశ్నించేవారు లేరు. చివర్లో, తీసిన దృశ్యాలను పాల్గొన్నవారికే చూపి, వారి అభిప్రాయాలను కూడా చిత్రంలో చేర్చారు.

మనకు అన్నిటికన్నా దగ్గరిది క్లోద్ లాంజ్‌మన్ 'షోవా' (1985). యూదుల సామూహిక హత్యాకాండపై తొమ్మిది గంటలకు మించిన ఈ చిత్రంలో పాత దృశ్యాలేవీ వాడలేదు. ఉన్నది ప్రధానంగా సాక్షుల మాటలూ, నేటి స్థలాలూ. పోలిష్ వంటి భాషలు దర్శకుడికి రావు. ప్రశ్న, దుబాసీ అనువాదం, సాక్షి జవాబు, మళ్లీ అనువాదం, ఇవన్నీ చిత్రంలోనే ఉంచాడు. అనువాదం జరిగేంతసేపూ సాక్షి ముఖం చూసే వ్యవధి మనకు దొరుకుతుంది.

హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్ వంటి చోట్ల మన పెద్దల మాటలను చిత్రీకరించాలనుకునే విద్యార్థులకు ఈ చరిత్ర పనికివస్తుంది. పాఠ్యపుస్తకం తెలుగులో ప్రశ్నిస్తే, ఇంట్లో మాట్లాడే తెలుగును పెద్దలు దాచుకుని, సరైనదనుకున్న తెలుగు వెతుక్కునే ప్రమాదం ఉంది. కన్నడమో, తమిళమో, ఒరియానో, మరాఠీనో కలిసిన వారి పలుకును సరిదిద్దకుండా, మైకు దగ్గరగా పెట్టి, మన ప్రశ్నను కూడా రికార్డు చేద్దాం. జవాబు ముగిసిందనుకున్న తర్వాత కాసేపు కెమెరా ఆపకుండా ఆగుదాం. పై గొంతు వేయటానికి బదులు అడుగున అక్షరాలు వేద్దాం. తీసినదాన్ని ముందుగా వారికే చూపిద్దాం. రేపు ఆ తెలుగు మాట్లాడేవారు తగ్గినా, అది ఎలా పలికేదో వారి గొంతులోనే మిగులుతుంది.