ఎవరి బరువు ఎవరు మోశారు?

రోహిణీకార్తెలో రోళ్ళు పగులుతాయని చెప్పుకునే నేల మనది. సరిగ్గా ఆ రోజుల్లోనే, మే చివరా జూన్ మొదట్లోనూ, ఆల్ప్స్ పర్వతాల పైఎత్తుల్లో కొందరు స్కీయింగ్‌కి బయల్దేరతారంటే మనకి వింతగానే ఉంటుంది. సినిమా పాటల్లో కనిపించే మంచూ, రంగుల స్వెట్టర్లూ తప్ప స్కీయింగ్ గురించి మనకి తెలిసింది తక్కువ. స్త్రీల యాత్రా రచనల మీద పరిశోధన చేసిన నన్ను చాలామంది అడిగారు, డబ్బున్న దేశాల్లో డబ్బున్న ఆడవాళ్ళ వినోదంతో మనకేం పని అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. దాన్ని పక్కకి నెట్టకుండా, దాన్నే చేతపట్టుకుని ఈ చరిత్రలోకి వెళ్ళాలని నా ఉద్దేశం.

ముందు ఆ పని ఎలా సాగుతుందో చెప్పాలి. చలికాలంలో హిమానీనదం మీద పడిన కొత్త మంచు మెత్తగా, నమ్మడానికి వీల్లేకుండా ఉంటుంది. వసంతం గడిచేసరికి అది అణగి గట్టిపడుతుంది. పగలు కాస్త కరుగుతుంది, రాత్రి మళ్ళీ గడ్డకడుతుంది. అందుకే తెల్లవారుజామున రెండింటికో మూడింటికో లేచి, తలకి దీపం కట్టుకుని నడక మొదలుపెడతారు. యంత్రాలు పైకి లాగవు, చదును చేసిన దారి ఉండదు. స్కీల అడుగున ఒక పట్టీ అంటిస్తారు. పూర్వం అది సీల్ జంతువు చర్మం. వెంట్రుకలన్నీ వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి ముందుకు జారుతుంది, వెనక్కి జారదు. పైకి చేరాక పట్టీ ఊడదీసి, ఎండకి పైపొర కొంచెం మెత్తబడే ఘడియ చూసుకుని కిందికి జారతారు. ఎండ ముదిరాక ఉండకూడదు. హిమానీనదంలో నిలువునా లోతైన పగుళ్ళుంటాయి. వాటి మీద మంచు వంతెనలా కప్పుకుని ఉంటుంది. మధ్యాహ్నానికి ఆ వంతెన బలం తగ్గిపోతుంది.

కాలినడకన వెళ్ళే మనిషి బరువంతా ఒక్క పాదం మీద పడుతుంది. స్కీ ఆ బరువుని ఒక నిలువెత్తు పొడవునా పరుస్తుంది. పాదం దిగబడే చోట స్కీ దాటించగలదు. ఈ చిన్న భౌతికశాస్త్రం నా మనసులో బాగా నిలిచిపోయింది. పర్వతాల చరిత్ర అంతా ఎవరు ఎంత ఎత్తుకి చేరారన్న లెక్కతోనే రాశారు. ఎవరి బరువు ఎవరు మోశారు, దాన్ని ఎక్కడ దించారు అని అడిగితే అదే చరిత్ర వేరుగా కనిపిస్తుంది. ఈ రకం ప్రశ్న నేను ఆల్ప్స్ పుస్తకాల నుంచి నేర్చుకోలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలతో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' నుంచి నేర్చుకున్నాను.

మాంట్ బ్లాంక్ ఎక్కిన మొదటి స్త్రీ మరీ పారడీ. షామొని ఊళ్ళో పనిమనిషి. 1808లో గైడ్లు ఆమెని వెంట తీసుకెళ్ళారు. శిఖరం ఎక్కిన ఆడదిగా పేరొస్తే నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చని నచ్చజెప్పి తీసుకెళ్ళారంటారు. ఊపిరాడక సొమ్మసిల్లిన ఆమెని చివరికి దాదాపు ఈడ్చుకుంటూ పైకి చేర్చారు. ఆమె రాసిన పుస్తకం లేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 1838లో, 44 ఏళ్ళ హెన్రియెట్ దాన్‌జెవిల్ అదే శిఖరం ఎక్కింది. ఆమె కులీన స్త్రీ. ఆరుగురు గైడ్లూ ఆరుగురు కూలీలూ వెంట ఉన్నారు. ఆమె తన యాత్రని రాసుకుంది కూడా. చాలాకాలం 'మొదటి స్త్రీ' అన్న గౌరవం ఆమెకే దక్కింది, ఎందుకంటే పారడీ సొంత కాళ్ళ మీద ఎక్కలేదట! పన్నెండుమంది తిండీ బట్టా మోసుకొస్తే ఎక్కడం సొంత కాళ్ళ మీద ఎక్కడమయింది. చేయి పట్టుకుని లాగితే మాత్రం కాలేదు. దాన్‌జెవిల్‌కి మాత్రం ఈ సంగతి తెలిసినట్టే ఉంది. కిందికి దిగొచ్చాక జరిగిన విందుకి ముసలిదైపోయిన పారడీని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

తర్వాతి బరువు పావడాది. ఎలిజబెత్ లె బ్లాండ్ ఊపిరితిత్తుల జబ్బు నయం చేసుకోవడానికి ఆల్ప్స్ చేరి పర్వతారోహకురాలయింది. ఊరి పొలిమేర దాటాక పావడా విప్పి సంచిలో పెట్టి, లోపలి పొట్టి పాంటుతో కొండెక్కేది. ఒకసారి పావడాని శిఖరం మీదే మరిచిపోయి, ఊళ్ళోకి అలా వెళ్ళలేక మళ్ళీ పైకెక్కి తెచ్చుకుందన్న కథ ప్రచారంలో ఉంది. సంప్రదాయపు సంకెళ్ళనుంచి కొండలు తనని విడిపించాయని ఆమె రాసుకుంది. ఆ మాటల పక్కనే మరో విషయమూ చెప్పింది. కొండలకి రాకముందు తన బూట్లు తాను ఎప్పుడూ తొడుక్కోలేదట, ఏ బూటు ఏ కాలిదో కూడా సరిగ్గా తెలియదట. ఆ బూట్లు తొడిగిన చేతులెవరివి? స్వేచ్ఛ గురించి ఆ చేతులు ఏం రాసి ఉండేవి?

1857లో లండన్‌లో పుట్టిన ఆల్పైన్ క్లబ్ 1974 దాకా స్త్రీలకి సభ్యత్వం ఇవ్వలేదు. అందుకని 1907లో స్త్రీలు సొంత క్లబ్ పెట్టుకున్నారు. లె బ్లాండ్ దానికి మొదటి అధ్యక్షురాలు. అదే 1907లో స్విస్ ఆల్పైన్ క్లబ్ స్త్రీలని అధికారికంగా బయటికి నెట్టింది. అక్కడి స్త్రీలు 1918లో వేరే క్లబ్ పెట్టుకుని 1980లో అది విలీనమయ్యే దాకా దాన్ని నడుపుకున్నారు.

స్కీలు వచ్చింది ఈ కాలంలోనే. నార్వేనుంచి ఆల్ప్స్‌కి చేరిన ఈ చెక్కబద్దలు 1890ల నుంచి హిమానీనదాల మీదికి ఎక్కాయి. స్కీ కాలం అంటే చలికాలమే కాదని, అన్ని ఎత్తుల్లోనూ అన్ని రుతువుల్లోనూ స్కీ చేయొచ్చని వాదిస్తూ ఆర్నాల్డ్ లన్ 1921లో ఏకంగా ఒక పుస్తకమే తెచ్చాడు. 1923లో లేడీస్ స్కీ క్లబ్ మొదలైంది. 1931లో మ్యూరెన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో స్త్రీలు కూడా దూకారు. నడకలో గైడ్ మెట్లు తొక్కి ఇస్తే ఆ అడుగుల్లో అడుగేసి ఎక్కొచ్చు. స్కీల మీద దిగేటప్పుడు ఎవరి మలుపు వాళ్ళే తిరగాలి. ఒకరి కోసం మరొకరు జారలేరు. స్త్రీలకి స్కీ ఇచ్చిన కొత్త సంగతి ఇదని నాకనిపిస్తుంది.

నా పరిశోధనలో ఎల్లా మాయార్ తారసపడింది ఇక్కడే. 1903లో జెనీవాలో పుట్టింది. 1924 ఒలింపిక్స్‌లో ఒంటరిగా పడవ నడిపే పోటీలో ఆమె ఒక్కతే స్త్రీ. 1931 నుంచి 1934 దాకా ప్రపంచ స్కీ పోటీల్లో స్విట్జర్లాండ్ తరఫున పాల్గొంది. 1932లో సోవియట్ మధ్య ఆసియాకి వెళ్ళి, తియాన్‌షాన్ పర్వతాల్లో సుమారు 5,000 మీటర్ల సారీ-తోర్ శిఖరాన్ని స్కీల మీద ఎక్కి, పైనుంచి చైనా వైపు చూసింది. అటు వెళ్ళడానికి అనుమతి లేదు. ఆ తర్వాత యుద్ధకాలమంతా, 1940 నుంచి 1945 దాకా, మన పొరుగునే తిరువణ్ణామలైలో రమణ మహర్షి దగ్గర గడిపింది. అక్కడ తనతో ఉన్న పిల్లి గురించి కూడా ఒక పుస్తకం రాసింది.

ఇన్ని చేసిన ఈ మనిషికి తన దేశంలో ఓటు లేదు. స్విస్ స్త్రీలకి దేశస్థాయిలో ఓటు హక్కు వచ్చింది 1971 ఫిబ్రవరిలో. అప్పటికి ఆమెకి 67 ఏళ్ళు. తిరువణ్ణామలైలో ఆమె ఇంటి పక్కన ఉన్న ఆడవాళ్ళు 1951-52 ఎన్నికల్లోనే ఓటు వేశారు. స్వేచ్ఛ పడమటినుంచి తూర్పుకి పారే నది అని నమ్మేవాళ్ళు ఈ రెండు తేదీలనీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఓటు అనగానే మరో ఫోటో గుర్తుకొస్తుంది. 1912 వేసవిలో సియాచిన్ హిమానీనదం మీద, దాదాపు 21,000 అడుగుల ఎత్తున, అమెరికన్ ఫానీ బుల్లక్ వర్క్‌మన్ 'స్త్రీలకు ఓటు' అన్న పత్రికని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంటుంది. స్త్రీవాద చరిత్ర పుస్తకాలకి ఎంతో ఇష్టమైన బొమ్మ అది. అయితే ఆమె రచనల్లో సామాన్లు మోసిన కూలీల పట్ల చిరాకూ చిన్నచూపూ దండిగా ఉన్నాయి. ఆ యాత్రలోనే చేజరే చెనోజ్ అనే ఇటాలియన్ సహాయకుడు మంచు వంతెన విరిగి పగులులో పడి చనిపోయాడు. వర్క్‌మన్ అతనికి కొద్ది అడుగుల దూరంలోనే ఉంది. ఆ వంతెన మీద ఆమె కాలు పెట్టి ఉంటే ఆ ఫోటోయే ఉండేది కాదు. ఫోటోలో కనిపించే అక్షరాలని నేను గౌరవిస్తాను. ఆ పత్రికని అంత ఎత్తుకి మోసుకొచ్చిన వీపులు ఫోటోలో లేవన్నది కూడా మరిచిపోలేను.

ఆ వీపులు ముందుకొస్తే ఏమవుతుందో బొలీవియాలో చూశాం. అక్కడ కొండెక్కేవాళ్ళకి వంట చేసీ, మూటలు మోసీ బతికిన ఐమారా ఆదివాసీ స్త్రీలు 2015 డిసెంబరులో తామే 6,088 మీటర్ల వైనా పొటోసీ ఎక్కారు. 2019 జనవరిలో అకాంకాగువా ఎక్కారు. తమ వెడల్పాటి కుచ్చుల పావడాలతోనే ఎక్కారు. ఒకప్పుడు నగరాల్లో వాళ్ళని అవమానించడానికి గుర్తుగా వాడిన బట్టలవి. లె బ్లాండ్ సంచిలో దాచుకున్న పావడా వీళ్ళ దగ్గర జెండా అయింది. అయితే వాళ్ళ కొండల్లోనే ఉన్న చకల్టాయా హిమానీనదం 2009 నాటికి పూర్తిగా కరిగిపోయింది. ప్రపంచంలో అతి ఎత్తైన స్కీ మైదానాల్లో ఒకటిగా దానికి పేరుండేది. ఇప్పుడక్కడ రాళ్ళున్నాయి.

తల్లితనం మరో బరువు. 1995లో కె2 మీద చనిపోయిన ఆలిసన్ హార్‌గ్రీవ్స్‌ని పిల్లల్ని వదిలి ఎలా వెళ్ళిందంటూ పత్రికలు దులిపేశాయి. 2017లో మన హిమాచల్‌లోని పాప్సురా శిఖరం నుంచీ, 2018లో లోత్సే శిఖరం నుంచీ స్కీల మీద దిగిన హిలరీ నెల్సన్ ఇద్దరు కొడుకుల తల్లి. 2022 సెప్టెంబరులో మనస్లూ మీద స్కీల మీద దిగుతూ చనిపోయింది. కొండల మీద పోయిన తండ్రులని ఈ ప్రశ్న ఇంత గట్టిగా అడగరు.

కొన్నేళ్ళ కిందట ఒక ఫెలోషిప్ మీద స్విట్జర్లాండ్‌లో ఉన్నప్పుడు, జూన్ మొదట్లో రైలెక్కి 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రౌ కనుమకి వెళ్ళాను. కింద అలెచ్ హిమానీనదం. ఆల్ప్స్‌లో అన్నిటికన్నా పెద్దది. ఆ తెల్లటి మైదానంలోనుంచి రెండు చుక్కలు పైకి వస్తూ కనిపించాయి. చాలాసేపటికి దగ్గరికొచ్చాయి. అరవై దాటిన ఇద్దరు ఆడవాళ్ళు. స్కీలు భుజాన వేసుకుని, సంతనుంచి వస్తున్నవాళ్ళలా కబుర్లు చెప్పుకుంటూ నన్ను దాటి వెళ్ళిపోయారు. ఎవరూ వాళ్ళకి చప్పట్లు కొట్టలేదు. వాళ్ళ యవ్వనంలో ఆ దేశపు ఆల్పైన్ క్లబ్ తలుపు వాళ్ళకి మూసే ఉంది.

ఆ తలుపు తెరుచుకునేసరికి ఇల్లే కరిగిపోతోంది. 2022, 2023 ఈ రెండేళ్ళలోనే స్విస్ హిమానీనదాలు తమ మంచులో పదో వంతు పోగొట్టుకున్నాయి. 2025 మే 28న బిర్క్ హిమానీనదం కూలి బ్లాటెన్ గ్రామాన్ని కప్పేసింది. సుమారు 300 మందిని ముందే ఖాళీ చేయించడం వల్ల ఊరు పోయినా దాదాపు మనుషులందరూ మిగిలారు. ఆడపిల్లకి ఆస్తిలో వాటా రాసిచ్చేసరికి పొలం అమ్మకానికి వచ్చిన కథలు మనకి కొత్త కాదు.

అయితే ఆ దేశపు ముసలి ఆడవాళ్ళు ఊరికే చూస్తూ కూర్చోలేదు. 2016లో సంఘం పెట్టుకున్నారు. సగటు వయసు 73. ఎండలకి ఎక్కువగా చనిపోయేది వయసు మళ్ళిన స్త్రీలేనని, ప్రభుత్వం తగినంత చేయడం లేదని స్విట్జర్లాండ్ మీద కోర్టుకెళ్ళారు. దేశంలోని కోర్టులు తోసిపుచ్చితే స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్ళారు. 2024 ఏప్రిల్ 9న గెలిచారు. రెండు నెలలకే స్విస్ పార్లమెంటు, మేం చేస్తున్నది చాలు, ఇంకేమీ చేయక్కర్లేదని తీర్మానించింది. చట్టం గెలిచినా ఇల్లు మారదన్న సంగతి మనకి వరకట్నం నుంచి పనిచోట వేధింపుల దాకా అనుభవమే.

మొదట్లో చెప్పిన ప్రశ్నకి నా జవాబు ఇక్కడుంది. 2015 మే నెలలో, రోహిణీకార్తె ఎండల్లో, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెండువేల మందికి పైగా వడదెబ్బకి చనిపోయారు. ఇలాంటి వేసవుల్లోనే మన ఆడవాళ్ళు ఉపాధి హామీ పనుల్లో మట్టి తట్టలు మోస్తారు. కర్మాగారాలూ, కార్లూ, విమానాలూ గాలిలోకి వదిలిన బరువుని అక్కడ మంచు మోస్తోంది, ఇక్కడ వీళ్ళ నెత్తి మోస్తోంది. రెండు చోట్లా వేసవి ఒక్కటే. వాళ్ళ వినోదంతో మనకేం పని అన్నప్పుడు మనం వాళ్ళ శిఖరాల్ని మాత్రమే చూస్తున్నాం. మధ్యాహ్నపు మంచు వంతెన మీద ఇప్పుడు అందరం ఉన్నాం. బరువుని పరచకపోతే, అన్నిటికన్నా ముందు అది విరిగేది ఎప్పటిలాగే మోసేవాళ్ళ కాళ్ళ కిందే.