గాయపాకు పూర్వోత్తరములు

వరికోతల కాలమున గుడివాడ చేలలో కొడవలి వ్రేలికి తగిలినచో కూలివారు వైద్యుని కొఱకు చూడరు. గట్టుమీది గాయపాకును గిల్లి, అరచేత నలిపి, ఆ పసరు గాయముపై బిండి గుడ్డపేలిక కట్టుదురు. దివిసీమలోను ఇదే వాడుక. ఇది సుశ్రుతుని నాటి వైద్యమని మనవారు పలువురు చెప్పుకొని సంతసింతురు. మేమును చాలకాలము అట్లే నమ్మియుంటిమి.

కాని యీ మొక్క జన్మభూమి అమెరికా ఖండపు టుష్ణదేశములు. 1753లో లిన్నేయసు దీనికి ట్రైడాక్సు ప్రొకంబెన్సు అని నామకరణము చేసెను. ఐరోపావారి యోడలు సముద్రములను గలిపిన పిమ్మట గాని యిది మన గట్ల కెక్కలేదు. మిరపకాయవలె, పొగాకువలె మనలో గలిసిపోయిన పరదేశి యిది. ఏ పల్లెవారో దాని గుణమును గనిపెట్టి తెలుగు పేరు పెట్టిరి. ఎలుకలపై జరిగిన పరీక్షలలో దీని రసము గాయము మానుటకు తోడ్పడినట్లు కనబడినది. అక్షరజ్ఞానము లేని యా పరీక్షకులు మా దృష్టిలో శాస్త్రజ్ఞులే.

ఇక సుశ్రుతుడు చెప్పిన దేమి? ఆయన వ్రణమునకు అరువది యుపక్రమములు చెప్పెను. తేనె, నేయి, నువ్వులముద్ద మొదలగు లేపనములతోపాటు కషాయముతో గడుగుటయు నందు గలదు. త్రిఫలా కషాయమున కరక్కాయ యొక భాగము. మచిలీపట్టణము, పెడనలలోని కలంకారీ పనివారు గుడ్డను రంగు పట్టుటకై కరక్కాయ నీటిలోనే ముంచుదురు. గుడ్డకు రంగును బట్టించు నా వగరే గాయపు మాంసమును బిగించును. అద్దకమువాడు కడుగని గుడ్డపై పని మొదలిడడు. మనవారో, ఆకును నిలుపుకొని కడుగుటను విడిచిరి! చేనిమట్టిలో ధనుర్వాతపు బీజము లుండును. పసరు వానిని చంపునని నమ్మి టీకా మానుట ప్రాణాపాయము.

పసుపు గాయమును మాన్పుననుటపై 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయమువారికి పేటెంటు లభించెను. మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సంస్కృత గ్రంథములను, 1953 నాటి వైద్యపత్రికా వ్యాసమును సాక్ష్యముగా జూపగా 1997లో అది రద్దయ్యెను. గాయపాకునకు అట్టి ప్రాచీన శ్లోకము లేదు. అందుచే మా బడిపిల్లలచే ఇంటి పెద్దల నడిగించి, ఏ యాకు ఏ గాయమునకు, ఎట్లు నలుపుదురు, ముందు కడుగుదురా యని వ్రాయించుచున్నాము. కడుగుదుమన్నవారు తక్కువగానే యున్నారు.