కిటికీకి అంటించిన నల్లకాగితం

యుద్ధాల చరిత్ర ప్రభుత్వ దస్తావేజుల్లో ఉంటుంది, ఊరి నడుమ నిలబెట్టిన స్మారకాల్లో ఉంటుంది. వీటితోపాటు ఇళ్లల్లో కూడా ఉంటుంది. ఇంటి సాక్ష్యాన్ని చరిత్రకారులు సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. రచయితలం తీసుకుంటాం గాని, పరీక్షించకుండా తీసుకుంటాం. రెండూ పొరపాట్లేనని నా బాల్యమే నాకు నేర్పింది.

1971 డిసెంబరులో నాకు తొమ్మిదేళ్లు. విశాఖపట్నంలో బురుజుపేట దగ్గర అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాన్నకు రైల్వే యార్డులో రాత్రి డ్యూటీలు. కాబట్టి ఆ యుద్ధం నాకు అమ్మ పక్కనే గడిచింది. మార్గశిరమాసం. గురువారాల్లో కనకమహాలక్ష్మి గుడికి తెల్లవారకముందే జనం బారులు తీరేవారు. మా ఊళ్లో చలి మరీ ఎక్కువేమీ కాదు గాని, సముద్రపు గాలికి రాత్రిళ్లు బొంత కప్పుకోక తప్పేది కాదు.

డిసెంబరు 3, శుక్రవారం సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పశ్చిమాన మన వైమానిక స్థావరాలమీద దాడి చేశాయి. ఆ రోజే రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మర్నాడు అమ్మ మైదాపిండి ఉడకేసి, కిటికీ అద్దాలకూ తలుపుమీది వెంటిలేటరుకూ నల్లకాగితం అంటించింది. నేను స్టూలు పట్టుకున్నాను. అందరూ ఒక పొర అంటిస్తుంటే ఆమె రెండు పొరలు అంటించింది. "ఒక్క పొర చాలదురా. సందు దొరికితే వెలుగు ఆగదు" అంది.

ఆ జాగ్రత్త ఆమెకు ఇంకో యుద్ధం నేర్పింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ, కాకినాడలమీద బాంబులు వేసేనాటికి ఆమెకు ఎనిమిదేళ్లు. జనం ఊరొదిలి పోతూంటే తాతయ్య కూడా పిల్లల్ని బండెక్కించి విజయనగరం అవతలి పల్లెకు చేర్చాడు. ఆ బాంబుల సంగతి ఆమె ఎన్నడూ పెద్దగా చెప్పలేదు. కట్టు విప్పకుండా వదిలేసి వచ్చిన పెయ్యదూడ గురించే చెప్పేది. తిరిగొచ్చేసరికి పలుపుతాడు ఉంది, దూడ లేదు.

ఇప్పుడు నా సాక్ష్యాన్ని పరీక్షకు పెడతాను. డిసెంబరు 3 రాత్రి ఊరంతా కటికచీకటి అనీ, ఆ చీకట్లో సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు విని అమ్మ నన్ను బొంతలోకి లాక్కుందనీ ఏళ్ల తరబడి చెప్పుకున్నాను. ఒక కథలో రాశాను కూడా. తర్వాత పంచాంగం చూశాను. డిసెంబరు 2 పౌర్ణమి. అంటే ఆ రాత్రి మా ఊరిమీద పిండి ఆరబోసినట్టు వెన్నెల కాసి ఉండాలి. పైగా మా కిటికీకి కాగితం ఎక్కింది మర్నాడు. నేను దాచుకున్న చీకటి అమావాస్య దగ్గరపడిన తర్వాతి రాత్రులది. దాన్ని నా మనసు చప్పుడున్న రాత్రికి తెచ్చి అతికించింది.

చప్పుడు మాత్రం కల్పన కాదు. ఆ అర్ధరాత్రి ప్రాంతంలో మా రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. పేలుడు విన్నవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. వాళ్ల మాటలు విని విని వాటిని నా జ్ఞాపకంగా చేసుకున్నానేమో! అందుకే ఆ వాక్యాన్ని చరిత్రగా ఉపసంహరించుకుంటున్నాను. కాగితం, స్టూలు, అమ్మ మాట — వీటికి మాత్రం పూచీ పడతాను.

డిసెంబరు 9న ఘాజీ మునక సంగతి ప్రభుత్వం ప్రకటించింది. మా వీధిలో పటికబెల్లం పంచారు. అందులో ఉన్నవాళ్లెవరూ బతకలేదని నాన్న చెప్పాడు. అమ్మ పటికబెల్లం ముక్క నా చేతిలో పెట్టి, "ఈ చలిలో నీళ్లల్లోనా, తల్లీ!" అంది. ఇంకేమీ అనలేదు. ఆమెకు ఆ యుద్ధంలో న్యాయం ఎటుందో తెలియక కాదు. తూర్పు బెంగాల్ నుంచి కోటిమంది దాకా ప్రాణాలరచేత పట్టుకుని వచ్చారు. ఆ ఏడాది నవంబరు 15 నుంచి ఉత్తరాలమీద ఐదు పైసల శరణార్థి సహాయ స్టాంపు అదనంగా అంటించాల్సి వచ్చింది. మామయ్యకు రాసే కవరుమీద ఆ స్టాంపు ఆమె సణగకుండా అంటించేది. న్యాయం పక్షాన ఉంటూనే చచ్చినవాడి చలిని తలుచుకోవడం ఆమెకు సాధ్యమైంది. ఘాజీ మీ పేలుడుతో మునిగిందా, మా పేలుడుతో మునిగిందా అని రెండు దేశాల నౌకాదళాలూ నేటికీ వాదించుకుంటూనే ఉన్నాయి. బీచ్‌రోడ్డులో 1996లో విజయస్మారకం వెలిసింది. 2017లో సినిమా వచ్చింది. ఆమె మాటకు మాత్రం వీటిలో చోటు లేదు.

డిసెంబరు 16, గురువారం సాయంత్రం ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. 93,000 మంది బందీలు. మర్నాడు పశ్చిమాన కూడా కాల్పులు ఆగాయి. వీధిలో అందరూ కాగితాలు చింపేశారు. అమ్మ చింపలేదు. సంక్రాంతికి వెల్ల వేసినప్పుడు తడిపి, గోకి తీసింది.

మా కాగితం నెలా పదిరోజులుంది. డిసెంబరు 3న ప్రకటించిన అత్యవసర పరిస్థితిని మాత్రం, యుద్ధం ముగిసినా ప్రభుత్వం తీయలేదు. విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం యుద్ధానికి ఐదు నెలల ముందే వచ్చి ఉంది. 1975 జూన్ 25న మొదటి అత్యవసర పరిస్థితి ఉండగానే రెండోదాన్ని ప్రకటించారు. పాలకులకు కూడా ఒక్క పొర చాలలేదు! రెండోది 1977 మార్చి 21న, మొదటిది మార్చి 27న పోయాయి. పదమూడు రోజుల యుద్ధం పేరిట అంటించిన కాగితం ఐదేళ్ల మూడు నెలలు దాటి దేశం కిటికీకి ఉండిపోయింది.

ఆ యుద్ధంమీద నేను రాసిన కథ డిసెంబరు 16న, వీధిదీపాలు వెలగడంతో ముగిసింది. అది కథలోని రెండో అబద్ధం. మొదటిదాన్ని పంచాంగం పట్టిచ్చింది. దీన్ని పట్టివ్వడానికి ఏ పంచాంగమూ అక్కర్లేదు. ఆ దీపాల కింద ఎవరి ఇంటి కాగితం ఇంకా తీయలేదో చూసి ఉంటే చాలేది. అది నా ఇల్లే.