నవ్ షపెల్: 35 నిమిషాల తర్వాత

మొదటి ప్రపంచ యుద్ధం, 1915 మార్చి 10. ఉత్తర ఫ్రాన్స్‌లో జర్మన్ల చేతిలో ఉన్న నవ్ షపెల్ ఊరి ముందు, బ్రిటిష్ సేనలోని ఇండియన్ కోర్‌కు చెందిన గఢ్‌వాల్ బ్రిగేడ్ సిపాయిలు తెల్లవారకముందే వచ్చి కాచుకుని ఉన్నారు. కాస్త తవ్వితే నీళ్లూరే నేల అది. కందకమంటే అక్కడ సగం గొయ్యి, సగం ఇసుకబస్తాల గోడ.

ఉదయం 7:30కి దాదాపు 340 ఫిరంగులు ఒక్కసారిగా పేలాయి. చిన్నవి ముళ్లకంచె తెంచాలి, పెద్దవి కందకాన్ని కూల్చాలి. 35 నిమిషాలు కాగానే గురి ఊరి మీదికి మారాలి. ఆ క్షణానే సిపాయి లేవాలి. ఏ బెటాలియన్ ఏ కందకం పట్టాలో విమానం నుంచి తీసిన ఫొటోలు చూసి గీసిన మ్యాపుల్లో ఉంది. పైన జనరల్ హెయిగ్ నడిపే బ్రిటిష్ ఫస్ట్ ఆర్మీ. దాని కింద కోర్, డివిజన్, బ్రిగేడ్, బెటాలియన్, కంపెనీ. ఆజ్ఞ ఇన్ని మెట్లూ దిగిరావాలి, ముందువరస కబురు ఇన్ని మెట్లూ ఎక్కిపోవాలి.

8:05కి లేచారు. కుడిచివర గఢ్‌వాలీ బెటాలియన్ ఒకటి దారి తప్పి, ఫిరంగులు ముట్టని కందకానికి ఎదురెళ్లి తుపాకులకు చాలామందిని పోగొట్టుకుంది. బ్రిగేడ్‌లోని మిగతా బెటాలియన్లకు మొదటి వరస చిక్కింది. చిక్కడమంటే ఒక్క గెంతులో అయ్యే పని కాదు. కందకం తిన్నగా ఉండదు, నాలుగడుగులకో మలుపు. మలుపు అవతలికి ఒకడు బాంబు విసరాలి, వెంటనే ఇంకొకడు బయొనెట్‌తో తిరగాలి. ముందు తిరిగేవాడి ప్రాణానికి పూచీ లేదు. టెహ్రీ గఢ్‌వాల్ నుంచి వచ్చిన 19 ఏళ్ల గబర్ సింగ్ నేగీ ప్రతి మలుపులోనూ తానే ముందు తిరిగాడు. వెనక్కి నెట్టి నెట్టి, చివరికి జర్మన్ల చేత చేతులెత్తించాడు. ఆ పోరులోనే చనిపోయాడు. విక్టోరియా క్రాస్ తర్వాత వచ్చింది.

పొద్దెక్కకముందే ఊరు చేతికొచ్చింది. ఎదురుగా అడ్డుకునేవాళ్లు కొద్దిమందే. అయినా సేన ఆగింది! ఎడమన బ్రిటిష్ బ్రిగేడ్ ఒకటి తెగని కంచె దగ్గర ఇరుక్కుంది. టెలిఫోన్ తీగలు ఫిరంగి గుండ్లకు తెగిపోయాయి. చీటీ పట్టుకుని పరుగెత్తినవాడు చేరితే చేరినట్టు. కబురు అందనిదే జనరళ్లు కదలరు, ఆజ్ఞ అందనిదే బెటాలియన్లు కదలవు. మధ్యాహ్నం మూడు కావస్తుండగా హెయిగ్ ఇచ్చిన ఆజ్ఞ మెట్లన్నీ దిగి, దళాలు కదిలేసరికి సాయంత్రం 5:30. చీకటి పడుతోంది. అప్పటికే జర్మన్లు వెనక కొత్త వరస కట్టుకుని మెషిన్‌గన్లు నిలిపారు.

12న జర్మన్లు ఎదురుదాడి చేసి దెబ్బతిన్నారు. 13కి పోరు ఆగింది. గెలిచింది కిలోమీటరు నేల. బ్రిటిష్ పక్షాన చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కలిపి 11,000 పైమాటే. అందులో ఇండియన్ కోర్ వాటా సుమారు 4,200.

ఫిరంగి గుండ్లు చాలలేదన్నాడు బ్రిటిష్ సర్వసేనాని సర్ జాన్ ఫ్రెంచ్. గుండ్లకు కొరతే, కాదనలేం. కానీ ఆ రోజు పొద్దున అంతకన్నా కరువైంది కబురు. ఆ సంగతి కన్నా ఫిరంగుల సంగతే ఎక్కువగా పట్టించుకున్నారు. 1916లో సోమ్ యుద్ధానికి ముందు 35 నిమిషాలకు బదులు ఏడు రోజులు ఫిరంగులు పేల్చారు.