తోడేలును కుక్కను కలిపినవారి కథ

మొన్న దీపావళి సెలవులలో మా అక్క కొడుకు వచ్చి ఫోను నా ముందుంచి, "మామా, తోడేలు కుక్కపిల్ల దొరుకుతదంట. సగం పైసలు నువ్వు పెట్టు, సగం నేను పెడత" అన్నాడు. బొమ్మ చూశాను. బూడిదరంగు బొచ్చు, పసుపుపచ్చని కళ్ళు, పొడుగాటి కాళ్ళు. ధర చదివి, అది నా జీతంలో ఎన్ని నెలలకు సమానమో లెక్క వేసుకొని ఫోను తిరిగి ఇచ్చివేశాను. రైల్వే గుమాస్తాకు ముందు లెక్కే తోస్తుంది. వద్దు అనడం సులువే. కాని పద్దెనిమిదేండ్ల కుర్రవాడికి కారణం చెప్పకుండా వద్దంటే కొనమన్నట్లే లెక్క. అందుచేత తీరిక దొరికినప్పుడల్లా ఈ జంతువు చరిత్ర చదువుతూ వచ్చాను. సంఘంవారు ఉగాది సంచికకు ఏదైనా వ్రాయమన్నారు గనుక చదివినది చదువరుల ముందు పెడుతున్నాను.

కలగలుపు అంటేనే నాకు గిట్టదని ఎవరూ అనుకోరాదు. మన షోలాపురం తెలుగువారికి ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, ఆఫీసులో హిందీ. మూడూ కలిసిన మాటే మన పిల్లలది. నా తగవు దానితో కాదు.

కుక్క తోడేలు వంశంలోనిదే. రెండింటికీ క్రోమోజోములు 78. కలిస్తే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకు మరల పిల్లలు పుడతాయి. జర్మనీలో బాన్ నగరం దగ్గర 1914లో బయటపడిన ఒక సమాధిలో స్త్రీ పురుషుల ఎముకలతో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలు కూడా ఉన్నవి. వయస్సు సుమారు 14,000 ఏండ్లు. ఆ పిల్ల జబ్బుపడి, మనుషులు సాకగా కొన్నాళ్ళు బ్రతికినదని పండితులు ఎముకలనుబట్టి గుర్తించారు. అంటే అప్పటికే అది ఇంటి మనిషి. తోడేలు కుక్క కావడానికి ఎన్నో వేల ఏండ్లు పట్టినది. ఆ దారిలో వెనక్కు నడవాలనే కోరిక మాత్రం మనిషికి ఎప్పుడూ ఉన్నట్లున్నది.

క్రీస్తు తరువాత మొదటి శతాబ్దంలో రోము పండితుడు ప్లినీ, గాల్ దేశస్థులు ఆడకుక్కలను అడవిలో కట్టివేసి తోడేళ్ళతో కలవనిచ్చేవారని వ్రాశాడు. అదే చోట మన భారతీయులు ఆడకుక్కలను పులులతో కలిపేవారని కూడా వ్రాశాడు! మన దేశాన్ని గురించి దూరదేశాలవారు ఏది విన్నా నమ్మే కాలమది. పులి మాట అబద్ధమైనా తోడేలు మాట సాధ్యమే.

శాస్త్రరీతిని దీనిని పరిశీలించినవాడు లండనులోని శస్త్రవైద్యుడు జాన్ హంటర్. 1787లో ఆయన తోడేలు, నక్క, కుక్క ఒకే జాతి అని వాదిస్తూ ఒక వ్యాసం ప్రకటించాడు. నక్క విషయంలో ఇప్పటివారు ఒప్పుకోరు. ఆ రోజులలోనే ఇంగ్లండులో పెంబ్రోక్ ప్రభువు ఇంట లూపా అనే ఒక కుక్క ఉండేది. దాని అమ్మమ్మ తోడేలు. 1782లో పన్నెండవ ఏట అది చనిపోతే సమాధి కట్టించి, ఆ వంశావళి రాతిమీద చెక్కించారు. పెంచినవారికి అదంటే ప్రాణమనుటకు సందేహం లేదు. ఈ కథలో ప్రేమకు ఎన్నడూ లోటు లేదు.

నన్ను బాగా పట్టుకొన్నది మరొక చిన్న సంగతి. డార్విన్ 1859నాటి తన గ్రంథంలో, ఫ్రాన్సు రాజుగారి వేటతోటల అధికారి లెరాయ్ చూచిన ఒక కుక్కను పేర్కొన్నాడు. దాని ముత్తాత తోడేలు. చూడటానికి అన్నివిధాలా కుక్కే. కాని యజమాని పిలిస్తే సూటిగా వచ్చేది కాదట, వంకర దారిన వచ్చేదట. మూడు తరాలు కుక్కలతో కలిసినా, అన్నం పెట్టే చేతివద్దకు తిన్నగా రాలేని బెదురు ఒకటి దాని ఒంట్లో మిగిలిపోయినది. ఇది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇరవయ్యవ శతాబ్దంలో ఇది పట్టుదలతో చేసిన పని అయినది. హాలండులో లేందర్త్ సార్లోస్ అనే ఆయనకు జర్మన్ షెపర్డ్ కుక్కలు మరీ మెత్తబడిపోయినవని బెంగ. తోడేలు రక్తం ఎక్కిస్తే బలమూ ఆరోగ్యమూ తిరిగి వస్తాయనుకొన్నాడు. 1930ల మధ్య జెరార్డ్ అనే మగకుక్కను ఫ్లూరీ అనే ఆడతోడేలుతో కలిపి, 1969లో చనిపోయేదాకా అదే పనిలో ఉన్నాడు. ఫలితం? ధైర్యశాలి కావలికుక్క కావాలనుకొంటే, క్రొత్తవారిని చూచి తప్పుకొనే బిడియపు జంతువు వచ్చినది. కొన్నింటిని అంధులకు దారిచూపే పనికి తర్ఫీదు చేశారు గాని అది నిలువలేదు. 1975లో ఆ జాతికి ఆయన పేరే పెట్టి గౌరవించారు.

చెకొస్లొవేకియాలో ఇదే పని సైనిక పద్ధతిలో జరిగినది. 1955లో కారెల్ హార్ట్ల్ ఆధ్వర్యాన సరిహద్దు రక్షక దళం ప్రయోగం మొదలుపెట్టినది. బ్రిటా అనే కార్పాతియన్ ఆడతోడేలుకు, సెజార్ అనే జర్మన్ షెపర్డ్‌కు 1958 మే 26న పిల్లలు పుట్టినవి. వీటిని పనికి మలచడం మహా కష్టమైనది. తరతరమూ మరల కుక్కతో కలుపుతూ పోవలసి వచ్చినది. మా తాతగారు కడదాకా అణాలలోనే లెక్క చెప్పేవారు, ఆ లెక్క ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. మొదటి తరంలో తోడేలు వాటా రూపాయికి ఎనిమిదణాలు. రెండవ తరంలో నాలుగు, మూడవ తరంలో రెండు, నాలుగవ తరంలో ఒక్క అణా. ఆ ఒక్క అణా దగ్గరకు వచ్చేసరికి గాని అవి తర్ఫీదుకూ కొలువుకూ సరిగా పనికిరాలేదు. 1999లో ఆ జాతికి అంతర్జాతీయ సంస్థ పూర్తి గుర్తింపు లభించినది.

పోనీ ఒక్క అణాయే కదా అని మా మేనల్లుడు అడిగాడు. ఆ అణా ఎక్కడ పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. ఒకే ఈతలో పుట్టిన పిల్లలలో ఒకదానికి రంగులో, ఒకదానికి భయంలో, మరొకదానికి కోడి కనబడితే ఆగలేని పంటిలో పడవచ్చును. చిన్నతనంలో అన్నీ ముద్దుగానే ఉంటాయి. రెండేండ్లు వచ్చి పూర్తిగా ఎదిగిన తరువాత గుణం బయటపడుతుంది. గోడ క్రింద గొయ్యి త్రవ్వుతుంది, ఒంటరిగా వదిలితే తలుపు చీల్చుతుంది. అమెరికాలో ఇట్టివాటిని ఆ వయస్సులో వదిలించుకొనేవారు ఎందరో. ఆశ్రయాలలో చోటు చాలక ఎన్నో చావవలసి వస్తున్నది. అక్కడ వీటికని ఆమోదించిన రేబిస్ టీకా కూడా లేదు. కనుక ఎవరినైనా కరిస్తే మామూలు కుక్కకు దొరికే మన్నింపు దీనికి దొరకడం కష్టం. కాటు మనిషికి, శిక్ష జంతువుకు. తప్పు కలిపినవాడిది.

మన దేశం సంగతి వేరు. 1972నాటి వన్యప్రాణి చట్టంలో తోడేలు మొదటి పట్టికలో ఉన్నది. దానిని పట్టడమూ ఇంట పెంచడమూ నేరం. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వశాఖ ఒకటి ప్రమాదకరమని చెప్పి అమ్మకం ఆపమన్న కుక్కల పట్టికలో తోడేలు కుక్క పేరు కూడా చేర్చినది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. కోర్టు కొట్టివేసినది ఉత్తరువును, తోడేలు స్వభావాన్ని కాదు. ఫోనులో అమ్మేవాడు చెప్పే వంశావళి నిజమో కాదో కొనేవాడికి తెలిసే దారి లేదు. రక్తపరీక్ష లేకుండా కంటిచూపుతో తేల్చడం నిపుణులకే కష్టం.

అసలు భయం ఇంకొకటి. దేశం మొత్తంమీద మిగిలిన తోడేళ్ళు సుమారు 3,000 అని అంచనా. వాటిలో కొన్ని మన ఊరి ప్రక్కనే, 1979లో అభయారణ్యమైన నాన్నజ్ గడ్డిబీళ్ళలో ధనగర్ల గొర్రెల మందల వెంట తిరుగుతున్నవి. పుణె ప్రాంతంలో వింతరంగు తోడేలు ఒకటి కనబడితే పరీక్ష చేసి, అది కుక్క కలిసినదని 2023లో శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. చెత్తకుప్పల వెంట ఊరకుక్కలు బీళ్ళలోకి చేరడంవల్ల వచ్చిన ముప్పు ఇది. హాలండులో ఒక మనిషి జన్మంతా కష్టపడి చేసిన పని ఇక్కడ ఎవరూ కోరకుండానే జరుగుతున్నది. ఇట్లే సాగితే తోడేలు చావకుండానే తోడేలు జాతి కరిగిపోతుంది.

మాఘమాసంలో ఒక ఆదివారం వాడిని స్కూటరు మీద నాన్నజ్‌కు తీసుకొనిపోయాను. ఎండ పడమటికి వాలుతుండగా, మందకు దూరంగా గట్టుమీద ఒకటి నిలబడి కనిపించినది. బక్కగా, గడ్డిరంగులో, ఫోనులోని బొమ్మకు ఏమాత్రం పోలిక లేకుండా. కాపరి కేక వేశాడు. అది మావైపు చూచి, పరుగెత్తకుండా, వంపు తిరుగుతూ గడ్డిలోకి దిగిపోయినది. వాడు ఫోను తీసేలోపల ఏమీ మిగలలేదు.

వచ్చేటప్పుడు దారిలో, "ఇంత సన్నగుంటదా మామా?" అన్నాడు. అంతే, మరేమీ అనలేదు. పైసలు మాత్రం ఇంకా పంపలేదు. వాళ్ళ అమ్మకు ఈ సంచిక ఒక ప్రతి ఇవ్వమని సంఘం కార్యదర్శిగారికి చెప్పి ఉంచాను.